టైరు పగిలినప్పుడు: ఎస్టిమేట్ చదవడం, బీమా సొమ్ము రాబట్టడం

టైరు క్లెయిముల్లో గొడవంతా దాదాపు ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: టైరు అరిగి పగిలిందా, దెబ్బ తగిలి పగిలిందా? అరుగుదలకు బీమా డబ్బు రాదు. చాలా పాలసీలు ఇంకో మెలిక కూడా పెడతాయి. టైరుతోపాటు కారులో మరేదైనా దెబ్బతింటేనే టైరుకు చెల్లిస్తామంటాయి. కాబట్టి మొదటి గంటలో మీరు సేకరించే ఆధారాలే తర్వాత వచ్చే సొమ్మును తేలుస్తాయి.

చక్రం విప్పకముందే ఫొటోలు తీయండి. కారు మొత్తం, దెబ్బతిన్న మూల, రోడ్డు మీది గుంత లేదా గుచ్చుకున్న వస్తువు, పక్కన కొలత తెలిసేలా టేపు. టైరు పక్క గోడ మీద సైజు, డాట్ (DOT) అక్షరాలతో మొదలయ్యే తయారీ కోడ్‌లోని చివరి నాలుగంకెలు స్పష్టంగా పడాలి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. ఆ అంకెలు ఒకవైపే ఉండొచ్చు, కనిపించకపోతే లోపలి వైపు చూడండి. ట్రెడ్ (గాడులున్న, రోడ్డుకు ఆనే రబ్బరు పొర) లోతును గేజ్‌తో లోపలి అంచున, మధ్యలో, బయటి అంచున కొలిచి రాసుకోండి. ఒక్క అంచే అరిగితే చక్రాల కోణాల అమరిక, అంటే అలైన్‌మెంట్ తప్పిందని, రెండంచులూ అరిగితే గాలి తక్కువతో నడిపారని, మధ్య అరిగితే గాలి ఎక్కువైందని బీమా కంపెనీ తరఫున నష్టం అంచనా వేసే సర్వేయర్ లెక్కేస్తాడు. మూడుచోట్లా లోతు సమంగా ఉంటే అది మీకు అనుకూలమైన సాక్ష్యం. పగిలిన టైరును, రిమ్మును సర్వేయర్ చూసేదాకా ఎవరికీ ఇవ్వకండి. పాత టైరు లేదంటే వాదించడానికి ఏమీ మిగలదు.

పగిలిన తీరు కూడా కారణం చెబుతుంది. పక్క గోడ మీద దగ్గరదగ్గరగా రెండు చీలికలుంటే టైరు రిమ్ముకీ గుంత అంచుకీ మధ్య నలిగిందన్నమాట. బుడిపె లేచిందంటే లోపలి దారాలు తెగాయి, దానికి ఎక్కువగా బలమైన దెబ్బే కారణం. పక్క గోడ చుట్టూ వలయంలా రాపిడి గుర్తు, లోపల నల్లటి రబ్బరు పొడి ఉంటే గాలి లేకుండా నడిపినట్టు. క్లెయిము తిరస్కరించడానికి సర్వేయర్ చూపించే గుర్తు ఇదే. పంక్చరయ్యాక ‘ఇంకాస్త దూరం’ నడిపితే టైరూ పోతుంది, క్లెయిమూ పోతుంది. వెంటనే సురక్షితమైన చోట ఆపి, చక్రం మార్చండి లేదా టోయింగ్ పిలిపించండి.

ట్రెడ్ మధ్య భాగంలో సుమారు 6 మిల్లీమీటర్ల లోపు రంధ్రమైతే టైరు విప్పి, లోపలినుంచి ప్లగ్గూ ప్యాచూ కలిపి వేయించవచ్చు. భుజం మీద (ట్రెడ్, పక్క గోడ కలిసే అంచు), పక్క గోడలో దెబ్బకు రిపేరు లేదు.

ఇక గ్యారేజీ ఇచ్చే ఎస్టిమేట్, అంటే రిపేరు ఖర్చు అంచనా. ‘టైరు, ఇతర పనులు’ అని ఒక్క మొత్తం రాసిన కాగితం పనికిరాదు. ప్రతి భాగానికి పార్ట్ నంబరు, కొత్తదా పాతదా, కంపెనీదా బయటిదా, లేబర్ ఎన్ని గంటలు, పన్ను ఎంత అన్నవి విడివిడిగా ఉండాలి. టైరు ఒక వరస. దెబ్బవల్ల, టైరువల్ల పాడైనవి వేరే వరసలు: రిమ్ము, గాలి పీడనం చూపే సెన్సర్, ఫెండర్ లైనర్ (చక్రం గూటి లోపలి తొడుగు), బంపర్ మూల, ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) సెన్సర్ వైరు, బ్రేకు గొట్టం, చక్రాన్ని స్టీరింగుకు కలిపే టై రాడ్, సస్పెన్షన్‌లోని లోయర్ ఆర్మ్, వీల్ బేరింగ్. ట్రెడ్ ఊడి కొరడాలా కొట్టుకున్నప్పుడు లైనర్ వెనక వైర్లు తెగడం మామూలే, అయినా పైనుంచి చూసిన ఎస్టిమేట్‌లో అవి ఉండవు. అందుకే ‘విప్పాక అదనపు నష్టం కనిపిస్తే అనుబంధ ఎస్టిమేట్ ఇస్తాం’ అని రాయించుకోండి. అలాంటిది బయటపడితే ఆ పని ఆపించి, బీమా కంపెనీ ఆమోదం వచ్చాకే మళ్లీ మొదలుపెట్టించండి.

పని ముందు, తర్వాత అలైన్‌మెంట్ ప్రింటవుట్ అడగండి. కోణాలు ఒక్క చక్రం దగ్గరే బాగా తప్పితే సస్పెన్షన్ వంగిందన్న అనుమానానికి బలం వస్తుంది, ఆ భాగాల ఖర్చు క్లెయిములో చేర్చమని అడగడానికి ఆధారమవుతుంది.

తరుగుదల కోతను (టైరు అరిగిన మేరకు తగ్గించే మొత్తం) మీరే ముందుగా లెక్కేసుకోండి. కొత్తలో 8 మిల్లీమీటర్ల ట్రెడ్, కనీస హద్దు 1.6 అనుకుంటే వాడుకోదగ్గది 6.4. ఇప్పుడు 4.8 ఉంటే మిగిలింది 3.2, అంటే సగం. 10,000 రూపాయల టైరుకు 5,000 వస్తాయి. కొన్ని పాలసీలు లోతు చూడకుండా స్థిరమైన శాతం కోస్తాయి, మీ పాలసీలో ఏది రాసి ఉంటే అదే లెక్క. దీనిమీద మీ వాటాగా పాలసీలో పెట్టిన మొత్తం కూడా తీసేస్తారు. మిగిలేది వచ్చే ఏడాది పోయే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) కంటే తక్కువైతే క్లెయిము జోలికి పోకపోవడమే మేలు. టైరు ఒక్కటే పోయినప్పుడు చాలాసార్లు ఇదే తేలుతుంది.

బీమా పగిలిన టైరుకే ఇస్తుంది, జత టైరుకు కాదు. నాలుగు చక్రాలకూ శక్తి అందే కార్లలో మాత్రం టైర్ల చుట్టుకొలత తేడా చక్రాలకు శక్తి పంచే డిఫరెన్షియల్‌ను పాడుచేయవచ్చు. ఎంత తేడా ఉండొచ్చో కారు మాన్యువల్లో ఉంటే ఆ పేజీని ఎస్టిమేట్‌కు జతచేసి మిగతా టైర్లకూ అడగండి. ఒప్పుకుంటారన్న హామీ లేదు, కానీ కాగితం లేకుండా అడిగితే ఆ అవకాశమూ ఉండదు.

‘అరుగుదల’ అని తిరస్కరిస్తే ఏ నిబంధన కింద కాదన్నారో రాతపూర్వకంగా తీసుకోండి. ట్రెడ్ కొలతలు, ఫొటోలు, స్వతంత్ర టైరు నిపుణుడి నివేదిక పెట్టి మళ్లీ తనిఖీ కోరండి. అప్పటికీ తేలకపోతే బీమా ఫిర్యాదులు చూసే సంస్థకు రాయండి. గుంతే కారణమైతే రోడ్డు నిర్వహించే సంస్థను విడిగా పరిహారం అడగొచ్చు. ఆ గడువు తక్కువగా ఉండొచ్చు కాబట్టి ఆలస్యం చేయకండి. ఒకే ఖర్చుకు రెండుచోట్లా తీసుకోవడం మాత్రం కుదరదు.

‘పూర్తి, అంతిమ పరిష్కారం’ అన్న కాగితం మీద కారు నడిపి చూశాకే సంతకం చేయండి. స్టీరింగ్ ఒక పక్కకు లాగుతోందా, వేగంలో వణుకుతోందా, డ్యాష్‌బోర్డులో టైరు, ఏబీఎస్ దీపాలు వెలుగుతున్నాయా చూడండి. ఫైనల్ బిల్లులోని పార్ట్ నంబర్లు ఎస్టిమేట్‌తో కలవాలి. వీల్ నట్లను మాన్యువల్లో చెప్పిన బిగింపు బలానికి, అంటే టార్క్‌కు బిగించారా అని అడిగి, 80–100 కిలోమీటర్లు నడిచాక మరోసారి చూపించండి.