ఇన్‌లైన్ అసెంబ్లీలో ఆపరాండ్ సైజులు సరిచూసుకోవడం ఎలా?

సీ ప్రోగ్రాం మధ్యలో రెండు మూడు అసెంబ్లీ లైన్లు (ఇన్‌లైన్ అసెంబ్లీ) రాశారు. కంపైల్ అయింది, నడిచింది, జవాబూ సరిగ్గానే వచ్చింది. కొన్నాళ్లకి ఆప్టిమైజేషన్ పెంచగానే అదే కోడు చెత్త అంకెలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇలాంటప్పుడు ముందు కంపైలర్‌ని తిట్టడం మామూలే. నేనూ తిట్టాను. తీరా చూస్తే తప్పు నాదే: వేరియబుల్ ఒక సైజు, రిజిస్టర్ (ప్రాసెసర్ లోపలే విలువ పెట్టుకునే చిన్న అర) ఇంకో సైజు.

జీసీసీ, క్లాంగ్ కంపైలర్లలో, 64 బిట్ల ఎక్స్86 ప్రాసెసర్ మీద, ఏటీ అండ్ టీ పద్ధతిలో రాసే కోడు గురించే ఇక్కడ చెబుతున్నాను. ఆపరాండ్ అంటే ఇన్‌స్ట్రక్షన్ పనిచేసే విలువ, లేదా అది ఉండే చోటు. రిజిస్టర్ల పేర్లు పలికినట్టే తెలుగులో రాశాను. మీరు ఎడిటర్‌లో ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టుకోవాలి.

1. ముందు రిజిస్టర్ ఎలా కత్తిరిస్తుందో కళ్లారా చూడండి

1978లో వచ్చిన 8086లో ఏఎక్స్ 16 బిట్లది. 1985లో 80386 దాన్ని 32 బిట్లకి పెంచి ఈఏఎక్స్ అంది. 2003లో ఏఎండీ ఆప్టెరాన్‌తో 64 బిట్ల ఆర్‌ఏఎక్స్ వచ్చింది. పాత పేర్లు ఏవీ పోలేదు. అంటే ఇవి నాలుగైదు రిజిస్టర్లు కావు, ఒకే రిజిస్టర్‌లోని వేర్వేరు ముక్కలకి పేర్లు.

ఆర్‌ఏఎక్స్‌లో హెక్స్ పద్ధతిలో (రెండేసి అంకెలు ఒక్కో బైటు) 1122334455667788 పెట్టండి. ఏఎల్‌లో (అన్నిటికంటే కింది 8 బిట్లు) సున్నా రాస్తే 1122334455667700 మిగులుతుంది. అలా కాకుండా ఏహెచ్‌లో (దాని పైనున్న 8 బిట్లు) రాస్తే 1122334455660088. ఏఎక్స్‌లో రాస్తే 1122334455660000. ఇంతవరకు అనుకున్నట్టే ఉంది. ఇప్పుడు మళ్లీ మొదటి విలువ పెట్టి, ఈఏఎక్స్‌లో 1 రాయండి. పై సగం అలాగే ఉంటుందనుకుంటాం. ఉండదు, మొత్తం రిజిస్టర్‌లో 1 ఒక్కటే మిగులుతుంది.

32 బిట్ల పేరుతో రాస్తే ప్రాసెసర్ పై 32 బిట్లనీ తనే సున్నా చేసేస్తుంది. రిజిస్టర్ పాత విలువ కోసం ఆగకుండా ముందుకి పోవడానికి ఈ ఏర్పాటు పనికొస్తుంది. 8, 16 బిట్ల పేర్లతో రాస్తే మాత్రం పైన ఉన్న పాత చెత్త అలాగే ఉంటుంది. ఈ ఒక్క తేడా గుర్తుంటే కింద చెప్పే తప్పుల్లో సగం మీ కంటికే కనబడతాయి.

2. వేరియబుల్ టైపే రిజిస్టర్ పేరుని నిర్ణయిస్తుంది

మీరు కొటేషన్ల మధ్య రాసిన అసెంబ్లీ ఏం చేస్తుందో కంపైలర్‌కి తెలియదు. దానికి అది ఒక టెంప్లేట్ మాత్రమే. మీరిచ్చిన వేరియబుల్స్‌కి వరుసగా గుర్తులైన %0, %1 ఉన్న చోట రిజిస్టర్ పేర్లు నింపి అసెంబ్లర్‌కి పంపేస్తుంది. ఏ పేరు నింపాలో వేరియబుల్ టైపుని బట్టి తేల్చుకుంటుంది: క్యార్ అయితే ఏఎల్, షార్ట్ అయితే ఏఎక్స్, ఇంట్ అయితే ఈఏఎక్స్, లినక్స్‌లో లాంగ్ అయితే ఆర్‌ఏఎక్స్.

‘లినక్స్‌లో’ అని ఊరికే అనలేదు. 64 బిట్ల విండోస్‌లో లాంగ్ అంటే 32 బిట్లే. అందుకే అసెంబ్లీకి ఇచ్చే వేరియబుల్స్‌కి లాంగ్ వాడకండి. యూఇంట్32_టీ, యూఇంట్64_టీ లాంటి సైజు చెప్పే టైపులే వాడండి.

64 బిట్ల వేరియబుల్ ఇచ్చి ‘మూవ్‌ఎల్’ అని రాస్తే, ఎల్ తోకకి (32 బిట్లని చెప్పే చివరి అక్షరం) ఆర్‌ఏఎక్స్ సరిపోదని అసెంబ్లర్ ఆపేస్తుంది. ఆ ఎర్రర్ వచ్చిందంటే అదృష్టమే. రిజిస్టర్ ఆపరాండ్ ఉన్నప్పుడు తోక తీసేసి ఉత్త ‘మూవ్’ అని రాసినా చాలు, రిజిస్టర్ పేరు చూసి అసెంబ్లరే సైజు తెలుసుకుంటుంది.

3. వేరే సైజు పేరు కావాలంటే మాడిఫయర్ వాడండి

శాతం గుర్తుకీ అంకెకీ మధ్య ఒక అక్షరం పెడితే పేరు మారుతుంది. బి పెడితే 8 బిట్ల పేరు, డబ్ల్యూ పెడితే 16, కె పెడితే 32, క్యూ పెడితే 64. హెచ్ పెడితే ఏహెచ్ లాంటి పై బైటు.

జాగ్రత్త, మారేది పేరు మాత్రమే. లోపలి విలువ పెరగదు, తరగదు. ఇంట్ వేరియబుల్ ఇచ్చి క్యూతో 64 బిట్ల పేరు అడిగితే కంపైలర్ మారుమాట లేకుండా ఇచ్చేస్తుంది. కానీ పై 32 బిట్లలో ఏముందో ఎవరి హామీ లేదు. ఆ విలువని అడ్రస్ లెక్కలో వాడితే ప్రోగ్రాం ఒకరోజు నడుస్తుంది, ఒకరోజు కూలుతుంది.

సరైన దారి సీ వైపే ఉంది. విలువని అసెంబ్లీకి ఇచ్చే చోటే ఇంట్64_టీకి క్యాస్ట్ చేయండి. ప్లస్, మైనస్ గుర్తుని కాపాడుతూ వెడల్పు చేసే ఇన్‌స్ట్రక్షన్ కంపైలరే పెడుతుంది. మీరే 32 బిట్ల మూవ్‌తో వెడల్పు చేస్తే పై సగం సున్నా అయిపోయి, -1 కాస్తా 4294967295 అవుతుంది.

ఏఆర్ఎం 64లో అలవాటు తిరగబడుతుంది. అక్కడ ఇంట్ ఇచ్చినా %0 దగ్గర 64 బిట్ల ఎక్స్ రిజిస్టర్ పేరే పడుతుంది. 32 బిట్లు కావాలంటే మీరే డబ్ల్యూ పెట్టాలి. ఎక్స్86లో ఇదే అక్షరానికి 16 బిట్లని అర్థం కదా, రెండింటి మీదా పనిచేసేవాళ్లు తికమకపడేది ఇక్కడే. సైజు కలవకపోతే క్లాంగ్ హెచ్చరిస్తుంది, ఆ హెచ్చరికని వదిలేయకండి.

4. ఒక్క బైటే రాసే ఇన్‌స్ట్రక్షన్లతో జాగ్రత్త

నన్ను ఒక సాయంత్రమంతా తిప్పలు పెట్టింది ఇదే. రెండు అంకెల్ని పోల్చి, సమానమైతే 1 ఇవ్వాలి. పోలిక తర్వాత ‘సెట్‌ఈ’ వాడాను. అవుట్‌పుట్ వేరియబుల్ ఇంట్. సెట్‌ఈకి 8 బిట్ల ఆపరాండే కావాలి కాబట్టి అసెంబ్లర్ ఒప్పుకోలేదు. నేను తెలివిగా బి మాడిఫయర్ పెట్టేశాను. ఎర్రర్ పోయింది, బగ్ వచ్చింది. సెట్‌ఈ కింది బైటే రాసింది, పై 24 బిట్లలో పాత విలువ మిగిలిపోయింది. ఆప్టిమైజేషన్ లేనప్పుడు ఆ పాత విలువ సున్నా కావడం వల్ల అంతా బాగున్నట్టే కనిపించింది.

దీనికి తేలికైన మందు, అవుట్‌పుట్ వేరియబుల్‌ని అన్‌సైన్డ్ క్యార్ చేయడం. మిగతా వెడల్పు పని కంపైలర్ చూసుకుంటుంది. ముందే క్సార్‌తో రిజిస్టర్‌ని సున్నా చేసే పద్ధతి కూడా ఉంది గానీ, అందులో రెండు మెలికలు. క్సార్ ఫ్లాగ్స్‌ని (పోలిక ఫలితం దాచుకునే బిట్లు) మార్చేస్తుంది కాబట్టి పోలిక కంటే ముందే రాయాలి. అలా రాస్తే ఇన్‌పుట్లు ఇంకా చదవకముందే అవుట్‌పుట్‌ని తాకినట్టు, అందుకని కన్‌స్ట్రయింట్‌లో (వేరియబుల్‌ని ఎక్కడ పెట్టాలో కంపైలర్‌కి చెప్పే అక్షరాలు) & గుర్తు తప్పనిసరి. జీసీసీ 6 నుంచి ఫ్లాగ్‌నే నేరుగా అవుట్‌పుట్‌గా తీసుకోవచ్చు. నేనైతే ఇప్పుడు అదే వాడతాను.

5. రెండు ముక్కలుగా వచ్చే జవాబుని సరిగ్గా అతకండి

ఆర్‌డీటీఎస్‌సీ ఇన్‌స్ట్రక్షన్, కాలం కొలవడానికి వాడే 64 బిట్ల కౌంటర్‌ని రెండు సగాలుగా ఇస్తుంది. పై సగం ఈడీఎక్స్‌లో, కింది సగం ఈఏఎక్స్‌లో ఉంటాయి. 32 బిట్ల రోజుల్లో పెద్ద ఏ (క్యాపిటల్ అక్షరం) కన్‌స్ట్రయింట్ రాస్తే ఈ జంట మొత్తం ఒకే 64 బిట్ల వేరియబుల్‌లోకి వచ్చేది. అదే పాత కోడుని 64 బిట్లలో కంపైల్ చేస్తే ఎర్రర్ రాదు. కానీ అక్కడ పెద్ద ఏ అంటే ఆర్‌ఏఎక్స్, ఆర్‌డీఎక్స్ లలో ఏదో ఒకటి. ఒక సగం మాయమవుతుంది.

కింది సగమే దొరికిందనుకోండి. కౌంటర్ సెకనుకి 300 కోట్ల సార్లు పెరిగే యంత్రంలో అది 1.4 సెకన్లకోసారి మళ్లీ సున్నాకొస్తుంది. చిన్న పరీక్షలన్నీ సరిగ్గా వచ్చి, పెద్ద పరీక్షలోనే కాలం వెనక్కి నడుస్తుంది.

చిన్న ఏ, చిన్న డీ కన్‌స్ట్రయింట్లతో రెండు యూఇంట్32_టీ వేరియబుల్స్ తీసుకోండి. పై సగాన్ని ముందు యూఇంట్64_టీకి క్యాస్ట్ చేసి, తర్వాతే 32 స్థానాలు ఎడమకి జరిపి, కింది సగంతో కలపండి. 32 బిట్ల విలువని 32 స్థానాలు జరిపితే ఏమవుతుందో సీ భాష చెప్పదు, కాబట్టి ఈ వరుస మారకూడదు.

6. మెమరీ ఆపరాండ్‌కి తోక మీరే సరిగ్గా పెట్టాలి

మెమరీ అడ్రస్‌ని చూసి సైజు తెలియదు. అన్‌సైన్డ్ షార్ట్ వేరియబుల్‌ని మెమరీ ఆపరాండ్‌గా ఇచ్చి, పొరపాటున ‘ఇంక్‌ఎల్’ అని రాశారనుకోండి. 2 బైట్ల చోట 4 బైట్లు చదివి రాస్తుంది. అసెంబ్లర్ ఏమీ అనదు. 65534 దాకా లెక్క సరిగ్గానే పెరుగుతుంది. 65535 దగ్గర ఒకటి కలపగానే పక్క వేరియబుల్‌లోకి 1 పాకుతుంది. షార్ట్‌కి ‘ఇంక్‌డబ్ల్యూ’ రాయాలి.

7. అసలేం పడిందో తెరిచి చూడండి

కంపైలర్‌కి పెద్ద ఎస్ ఆప్షన్ ఇచ్చి అసెంబ్లీ ఫైల్ తీయండి, లేదా ఆబ్జ్‌డంప్‌తో బైనరీని విప్పండి. మీ %0 ఏ రిజిస్టర్ అయిందో, దాని ముందు వెనుక కంపైలర్ ఏం చేర్చిందో కనబడుతుంది. ఆప్టిమైజేషన్ లేకుండా ఒకసారి, రెండో స్థాయిలో ఒకసారి చూడాలి. పరీక్షకి 5, 10 లాంటి చిన్న అంకెలు ఇస్తే ఈ తప్పులేవీ బయటపడవు. -1, 65535, 2147483648, 4294967296, ఆపైన మనం మొదట వాడిన హెక్స్ 1122334455667788 ఇచ్చి చూడండి. ఆ చివరి దానిలో ప్రతి బైటూ వేరు కాబట్టి, ఏ ముక్క ఎక్కడ తెగిందో ఫలితమే చూపిస్తుంది.