చేతులతో బ్రెజిల్ లయలు – 3వ పాఠం: బయావ్

కిందటి పాఠంలో ఎనిమిది మాత్రలను సమంగా లెక్కపెట్టడం సాధన చేశాం. ఈసారి ఆ ఎనిమిదినే 3, 3, 2గా విడగొడదాం. నోటితో అనండి: తకిట తకిట తక. ప్రతి ముక్కలో మొదటి అక్షరం దగ్గర తొడ మీద గట్టిగా కొట్టండి. చివరి 'తక' దగ్గర చెయ్యి తొందరపడుతుంది, జాగ్రత్త. వేగం పెంచకుండా ఐదు నిమిషాలు చేయండి.

మీరిప్పుడు కొట్టింది ఈశాన్య బ్రెజిల్ జంట నాట్యం ఫొహోకి మూలాధారమైన బయావ్ నడక. (ఫొహోని రాసేది 'ఫొర్రో' అనే, కానీ ఆ 'ర'లను అక్కడ 'హ'గా పలుకుతారు.) పెర్నాంబుకో రాష్ట్రంలోని ఎషులో 1912లో పుట్టిన లుయిజ్ గొంజాగా, 1940లలో దీన్ని రియో రేడియోకెక్కించి దేశమంతా వినిపించాడు. ఆయన జట్టులో వాద్యాలు మూడే: అకార్డియన్, జబుంబా, ట్రయాంగిల్.

జబుంబా భుజానికి వేలాడే వెడల్పాటి డోలు. పై చర్మం మీద మెత్తటి గుండు కర్రతో 1, 4 మాత్రల దగ్గర 'ధుం' అనిపిస్తారు. కింది చర్మం మీద సన్నపుల్ల చిటపటలాడుతుంది.

ట్రయాంగిల్ మాత్రం ఎనిమిది మాత్రలూ మోగుతూనే ఉంటుంది. పిడికిలి మూస్తే 'టిక్', తెరిస్తే 'టింగ్'. 3, 7 దగ్గర తెరవాలి: టిక్ టిక్ టింగ్ టిక్, టిక్ టిక్ టింగ్ టిక్. నాకెంతో ఇష్టమైన చోటు ఇక్కడే ఉంది. ఏడో మాత్ర అంటే మన 'తక'లోని 'త'. అంటే మూడో దెబ్బను డోలు కొట్టకపోయినా, ట్రయాంగిల్ మోగించి పూర్తిచేస్తోంది! నోటితో టిక్ టింగ్ అంటూ, తొడ మీద 1, 4 మాత్రమే కొట్టి చూడండి. రెండు మూడు రోజులు పడుతుంది, పట్టనివ్వండి.

ఇక వినడం. న్యూయార్క్ బృందం 'ఫొహో ఇన్ ది డార్క్' 2006లో తెచ్చిన ఆల్బమ్ పెట్టుకోండి. అకార్డియన్ ఉండాల్సిన చోట ఎలక్ట్రిక్ గిటార్, పిఫానో అనే పల్లె పిల్లనగ్రోవి వినిపిస్తాయి. జబుంబాను మాత్రం వాళ్లు వదల్లేదు. అందుకే గిటార్ రాక్ వైపు ఎంత దూరం పోయినా కాళ్లు ఫొహోలోనే ఉంటాయని నా నమ్మకం. మొదటిసారి గిటార్‌ను పట్టించుకోకుండా డోలును పట్టుకోండి. రెండోసారి 1, 4 మీద చప్పట్లు కొట్టండి.

వచ్చే పాఠంలో రెసీఫె నగరపు మరకతు డోళ్లు, వాటిని 1994 నాటి తొలి ఆల్బమ్‌లోనే రాక్ గిటార్ పక్కన నిలబెట్టిన షికు సైన్స్, నసావ్ జుంబి బృందం. అప్పటికి 'టింగ్' తడబడకుండా రావాలి.