సంగీత విద్యార్థులతో వియన్నా యాత్ర: ఉపాధ్యాయులకు సూచనలు

ముందుగా నెలను నిర్ణయించుకోవాలి. వియన్నా స్టేట్ ఒపేరాలో, అంటే పాటలతో సాగే ఒపేరా నాటకాల రంగశాలలో, జులై, ఆగస్టు నెలల్లో సాధారణంగా ప్రదర్శనలు ఉండవు కనుక, మన వేసవి సెలవుల్లో మే నెలే అనువైనది. ఆస్ట్రియాతో సహా పలు ఐరోపా దేశాలకు చెల్లే షెంజెన్ వీసాకు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా, తల్లిదండ్రుల లిఖితపూర్వక సమ్మతి సిద్ధం చేసుకోవాలి.

1784 నుంచి 1787 వరకు స్వరకర్త మోజార్ట్ నివసించిన డోమ్‌గాసె 5వ నంబరు ఇంటిని తప్పక చూపించండి. 'ఫిగారో వివాహం' ఒపేరాను ఆయన ఆ ఇంట్లోనే స్వరపరిచారు కాబట్టి, దాని ప్రారంభ సంగీతాన్ని బయలుదేరే ముందే తరగతిలో పలుమార్లు వినిపించాలి. వినకుండా వెళ్తే పిల్లలకు అక్కడ గదులు మాత్రమే కనిపిస్తాయి.

యాత్రకు ప్రాణం మ్యూజిక్‌ఫెరైన్ అనే సంగీత భవనంలో కచేరీ. 1870లో ప్రారంభమైన ఈ భవనంలోని స్వర్ణ మందిరం అనే కచేరీ హాలులో, చెక్క నేల కింది ఖాళీ, పైనుంచి వేలాడదీసిన కప్పు నాదాన్ని నిండుగా మోగిస్తాయి. మైకు లేకుండానే చిన్న స్వరం కూడా వెనుక వరుసకు చేరుతుంది. మన కచేరీల్లో తాళం వేస్తూ, నచ్చినచోట 'భేష్' అనడం రసికత. అక్కడ మాత్రం కృతిలోని భాగాలన్నీ ముగిసేదాకా చప్పట్లు కొట్టరు. ఈ మర్యాదను ఇంటి దగ్గరే అభ్యాసం చేయించండి.

స్వరకర్తలు బేథోవెన్, షూబర్ట్, బ్రామ్స్ సమాధులు పక్కపక్కనే ఉన్న సెంట్రల్ శ్మశానవాటికకు ఒక పూట చాలు. వయొలిన్లు తీసుకెళ్తే తీగలను కొద్దిగా వదులు చేసి, సామానులో వేయకుండా విమానంలో వెంటే ఉంచుకోవడానికి విమాన సంస్థ అనుమతి ముందే తీసుకోండి.