డాబా చెమ్మ, 3వ పాఠం: పిట్టగోడ తల, గోలా, తూము గొట్టం

పోయిన పాఠంలో స్లాబు వాలు చూడటం, తూములు మూసేసి నీళ్ళు నిలబెట్టి చూడటం చెప్పుకున్నాం కదా. ఆ టెస్ట్‌లో స్లాబు కారలేదు, అయినా వాన పడ్డప్పుడల్లా పై అంతస్తు బయటి గోడ నల్లగా నానిపోతోంది, లోపల పుట్టీ పొక్కులు లేస్తోంది అంటే ఇక అనుమానం పిట్టగోడ మీదే. చాలామంది ఇక్కడే బయట ఖరీదైన వాటర్‌ప్రూఫ్ పెయింట్ కొట్టిస్తారు. నీళ్ళు పైనుంచి గోడలోకి దిగుతుంటే బయట పెయింట్ ఏం చేస్తుందండీ, లోపలి తడి బయటికి పోలేక ఆ పెయింట్‌నే పొరలుగా ఊడగొడుతుంది.

ముందు పిట్టగోడ తల చూడండి. మన ఇళ్ళకి ఎక్కువగా నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, పైన చదునుగా ప్లాస్టరింగ్, అంతే. ఎండకి దాని మీద సన్నటి పగుళ్ళొస్తాయి, నీళ్ళు అందులోంచి ఇటుకలోకి పోతాయి. మామూలు ఎర్ర ఇటుక తన బరువులో 20 శాతం దాకా నీళ్ళు పీల్చొచ్చని ఐఎస్ కోడే (మన దేశపు ప్రమాణాల పుస్తకం) ఒప్పుకుంటుంది, అంటే 3 కిలోల ఇటుకలో అర కిలోకి పైనే.

తాపీ పిడితో కొట్టి చూసి డొల్లగా మోగినంత మేరా చెక్కేయించి, బాగా తడిపి, 1:4 మాల్‌తో (ఒక పాలు సిమెంట్‌కి నాలుగు పాళ్ళు ఇసుక) మళ్ళీ వేయించండి. వాలు డాబా లోపలి వైపుకే, అర అంగుళం చాలు. బయటికి వాలు పెడితే దుమ్మంతా చారలు చారలుగా గోడ మీదే. ఇంకాస్త ఖర్చు పెట్టగలిగితే తల మీద కడప బండ పరిపించండి, గోడకి రెండు వైపులా అంగుళన్నర ముందుకి వచ్చేలా, ముందుకొచ్చిన ఆ అంచు అడుగున కటింగ్ మిషన్‌తో పావు అంగుళం గాడి కొట్టించి. ఈ గాడి వద్దు అనే మేస్త్రీలే ఎక్కువ, మీరు పట్టుబట్టాలి. గ్లాసులో నీళ్ళు మెల్లగా వంపితే ధారగా పడకుండా గ్లాసు వెంబడే కారతాయి చూడండి, బండ అడుగున కూడా అలాగే పాక్కుంటూ గోడ దాకా వస్తాయి, గాడి దగ్గరికొచ్చి తెగి కింద పడిపోతాయి.

తర్వాత గోలా, అంటే స్లాబూ పిట్టగోడా కలిసే మూల. ఎండకి స్లాబు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది, గోడ దాంతో సమానంగా కదలదు, కాబట్టి చీలిక వచ్చేది సరిగ్గా ఆ మూలలోనే. పాత నున్నటి గచ్చు మీదే మాల్ పూసేస్తే ఏడాదిలో లేచిపోతుంది. చెక్కి, దుమ్ము కడిగి, సిమెంట్ పాలు కొట్టి, అవి ఆరేలోపే 3 అంగుళాల గోలా గుండ్రంగా తిప్పించాలి. 7 రోజులు క్యూరింగ్, అంటే ఆరకుండా తడుపుతూ ఉండాలి, ఏప్రిల్ మే ఎండల్లో అయితే సాయంత్రం వేసి తడి గోనెసంచులు కప్పండి. బాగా ఆరాక వాటర్‌ప్రూఫ్ కోటింగ్ స్లాబు మీద మొదలుపెట్టి గోలా మీదుగా పిట్టగోడకి అడుగు ఎత్తు దాకా ఎక్కించాలి, గోలా దగ్గరే ఆపేస్తే ఆ అంచులోంచే నీళ్ళు దిగుతాయి.

తూము గొట్టం సంగతి చిన్నదే. పీవీసీ నున్నగా ఉంటుంది, సిమెంట్ దాన్ని పట్టుకోదు, గరుకు కాగితంతో రుద్ది చుట్టూ పీయూ (పాలీయూరిథేన్) సీలెంట్ పెట్టండి. గొట్టం గోడ బయటికి రెండంగుళాలే ఉంటే నీళ్ళన్నీ గోడకే, అడుగైనా ఉండాలి, లేదా కిందిదాకా పైపు దించాలి. అన్నట్టు, వాటర్ ట్యాంక్ ఓవర్‌ఫ్లో గొట్టం ఎటు ఉందో కూడా చూడండి! మోటార్ ఆపడం మర్చిపోయిన ప్రతిసారీ ఎండాకాలంలో కూడా గోడకి వానే.

ఈ వారం పని: పొడిగా ఉన్న రోజున పైపుతో బయటి గోడ కింది భాగం మీద పావుగంట నీళ్ళు పట్టండి, తర్వాత కొంచెం పైకి, తర్వాత గోలా, చివరికి పిట్టగోడ తల. పైనుంచి మొదలుపెట్టొద్దు, అన్నీ తడిసిపోయి ఏదీ తేలదు. లోపల ఒకళ్ళు నిలబడి ఎక్కడ పట్టినప్పుడు చెమ్మ వచ్చిందో రాసుకోవాలి, ఒక్కోసారి గంట తర్వాత గానీ బయటపడదు, తొందరపడొద్దు.

వచ్చే పాఠం పగుళ్ళ గురించి. ఈలోగా పగుళ్ళలో రావి మొక్కలుంటే పైపైన తుంచకండి, వేరు ఉండిపోతే ఇంకా బలంగా వస్తుంది. అలాగే ఉంచి ఫోటో తీసుకోండి, వేరుతో సహా ఎలా తీయాలో అప్పుడు చూద్దాం.