పాత విమానం ఇంజిన్ ముక్క దొరికితే అదేంటో ఎలా కనిపెట్టాలి

బెంగళూరు గుజిరీ షాపుల్లో విమానం ఇంజిన్‌ది అనిపించే ముక్క దొరికితే ముందు వైర్ బ్రష్ పెట్టకండి ప్లీజ్, కిరోసిన్ గుడ్డతో మెల్లగా తుడవండి చాలు, పార్ట్ నంబరూ ఇన్‌స్పెక్షన్ ముద్రలూ ఒకసారి పోతే ఇక రావు.

తర్వాత మరలు. మర పళ్ళ మధ్య కోణం 55 డిగ్రీలుంటే బ్రిటిష్, 60 అయితే అమెరికన్ లేదా మెట్రిక్ అయ్యే ఛాన్స్ ఎక్కువ. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా విమానాలు ఇక్కడి హెచ్‌ఏఎల్ ఫ్యాక్టరీలోనే ఓవర్‌హాల్ అయ్యాయి కదా, అందుకే రెండూ చూసుకోవాలి. కానీ బ్రిటన్ రోల్స్‌రాయిస్ వాళ్ళ మెర్లిన్ ఇంజిన్‌ని అమెరికాలో ప్యాకర్డ్ కంపెనీ చేసినా, వాటికీ బ్రిటిష్ మరలే, సో ఇదొక్కటే నమ్మొద్దు.

కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంక్‌షాఫ్ట్‌కి కలిపే కడ్డీ) దొరికితే మాత్రం అదృష్టమే! పెద్ద చివర చుట్టూ పిన్నుల కన్నాలుంటే అది రేడియల్ ఇంజిన్ (సిలిండర్లు చక్రం ఆకుల్లా చుట్టూ ఉండేది) మాస్టర్ రాడ్, అంటే మిగతా రాడ్లన్నీ తగులుకునే ముఖ్యమైన రాడ్, కన్నాలు లెక్కపెట్టి దాని సొంత సిలిండర్‌కి ఒకటి కలపండి, ఆ వరసలో సిలిండర్లెన్నో వచ్చేస్తుంది. డకోటా రవాణా విమానంలోని ట్విన్ వాస్ప్ ఇంజిన్‌కి ఏడేసి చొప్పున రెండు వరసలు, బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) 5.5 అంగుళాలు. ఫోర్క్‌లా చీలిన రాడ్ మధ్యలో ఇంకో రాడ్ కూర్చునేలా ఉంటే అది సిలిండర్లు V ఆకారంలో ఉండే వీ ఇంజిన్, మెర్లిన్ అలాంటిదే, బోర్ 5.4.

ఎగ్జాస్ట్ వాల్వ్‌ని కోసి చూడొద్దు, లోపల సోడియం ఉండొచ్చు, నీళ్ళు తగిలితే మండుతుంది. బాగా తేలికైన కేసింగ్ మెగ్నీషియం కావచ్చు, దాని పొడీ మండుతుంది, గ్రైండర్ అస్సలు పెట్టొద్దు.