తేనెటీగ కుట్టినా, గొంగళి నూగు అంటుకున్నా మంట తగ్గడానికి ఇంట్లో ఏం చేయాలి?

బెంగళూరులో తొమ్మిదో అంతస్తు సజ్జా కింద కూడా తేనెపట్టు కనిపిస్తుంది. చెట్లు పూతకొచ్చే రోజుల్లో కొండ తేనెటీగలు అపార్ట్‌మెంట్ గోడలకూ నీళ్ల ట్యాంకులకూ పట్టులు పెడతాయి. బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే ఒకటో రెండో కుట్టడం మామూలే. అలా కుట్టినప్పుడు మొదటి అరనిమిషంలో మీరు చేసే పని, ఆ తర్వాత గంటసేపు రాసే పూతలన్నిటికంటే ఎక్కువ మేలు చేస్తుంది.

తేనెటీగ కుడితే

1. ముల్లు వెంటనే లాగేయండి. తేనెటీగ ముల్లుకు వెనక్కి తిరిగిన పళ్లు ఉంటాయి. అందుకే ఈగ ఎగిరిపోయినా ముల్లూ, దాని విషపు సంచీ చర్మంలోనే ఉండిపోతాయి. ఆ సంచి తనంతట తానే విషాన్ని లోపలికి నెడుతూ ఉంటుంది. దాదాపు అరనిమిషంలో చాలావరకు దిగిపోతుంది. గోటితో పక్కకు గీకినా సరే, వేళ్లతో పట్టి లాగినా సరే. ఏటీఎం కార్డుతోనే గీకాలని దాని కోసం ఇల్లంతా వెతకడమే అసలు పొరపాటు.

2. ముల్లు తీస్తూనే లోపలికి వచ్చి తలుపు వేయండి. కుట్టిన చోటు నుంచి పండిన అరటిపండు లాంటి వాసన వస్తుంది. పట్టులోని మిగతా ఈగలకు అది పిలుపు. చేతులు విసురుతూ అక్కడే నిలబడితే ఇంకో నాలుగు కుడతాయి.

3. చేతికి కుడితే ఉంగరాలు, గాజులు, కాలికి కుడితే మెట్టెలు అప్పుడే తీసేయండి. వాపు ఎక్కాక ఉంగరం రాదు, వేలికి రక్తం ఆడదు.

4. సబ్బుతో, కుళాయి నీళ్లతో బాగా కడగండి.

5. ఐసు ముక్కల్ని పలచటి తుండుగుడ్డలో చుట్టి 10 నిమిషాలు పెట్టండి, 10 నిమిషాలు తీయండి. ఇలా ఒక గంట చేయండి. సలుపు తగ్గించడంలో ఇంట్లో దీన్ని మించింది లేదు. ఐసును నేరుగా చర్మానికి ఆనిస్తే మాత్రం అక్కడ కమిలిపోతుంది. ఫ్రిజ్ లేకపోతే చన్నీళ్లలో తడిపిన గుడ్డ చాలు, వెచ్చబడినప్పుడల్లా మళ్లీ తడపండి. చేయి గానీ కాలు గానీ దిండు మీద ఎత్తి పెట్టుకుంటే వాపు తక్కువగా ఉంటుంది.

నొప్పి ఆగకపోతే పెద్దవాళ్లు పారాసెటమాల్ 500 మిల్లీగ్రాములు ఒకటి వేసుకోవచ్చు. దురదకు రాత్రి సెట్రిజిన్ 10 మిల్లీగ్రాములు. అది మగత తెస్తుంది కాబట్టి వేసుకుని బండి నడపకండి. పిల్లలకు మోతాదు బరువును బట్టి ఉంటుంది, డాక్టరును అడగకుండా ఇవ్వవద్దు. గర్భిణులూ, రోజూ వేరే మందులు వాడేవాళ్లూ కూడా ముందు అడగాలి.

వాపు రెండో రోజు ఇంకా పెరిగితే హడలిపోకండి, తేనెటీగ వాపు తరచూ అలాగే నడుస్తుంది. నొప్పి తగ్గినట్టే తగ్గి మళ్లీ పెరిగినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా అది వేరే సంగతి, డాక్టరుకు చూపించాలి.

సున్నం రాయొచ్చా?

రాయవద్దు. మన ఇళ్లలో తాంబూలం సున్నం తెచ్చి అద్దడం పాత అలవాటు. విషం పులుపు, సున్నం దాన్ని విరిచేస్తుందని నమ్మకం. తేనెటీగ విషంలో మంట పుట్టించేది ముఖ్యంగా మెలిటిన్ అనే ప్రోటీను, అది చర్మం కిందికి దిగిపోయి ఉంటుంది. పైన రాసిన సున్నం దాన్ని చేరదు, పైచర్మాన్ని మాత్రం కాలుస్తుంది. కంటి దగ్గర మరీ ప్రమాదం. కిరసనాయిలు, టూత్‌పేస్టు కూడా వద్దు.

తినేసోడా సంగతి వేరు. ఒక చెంచా సోడాలో చుక్కలు చుక్కలుగా నీళ్లు కలిపి చిక్కటి ముద్ద చేసి, చర్మం చిట్లని చోట 10 నిమిషాలు ఉంచి కడిగేయండి. హాని లేదు, దురద కాస్త నెమ్మదిస్తుంది. కాలమైన్ లోషన్ ఉంటే దానికంటే నయం.

కందిరీగ, చీమ, జెర్రి

కందిరీగ ముల్లు వదలదు, అందుకే అదే ఈగ మళ్లీ మళ్లీ కుట్టగలదు. ముల్లు వెతకడం మానేసి 2వ మెట్టు నుంచి మొదలుపెట్టండి. చీమలకు సబ్బు నీళ్లు, ఐసు చాలు. మర్నాడు చిన్న చీముపొక్కు లేస్తే గిల్లకండి. జెర్రి కరిస్తే ఐసుకు బదులు వేడినీళ్లు కొందరికి బాగా పనిచేస్తాయి. నీళ్లు 45 డిగ్రీలు దాటకూడదు. దెబ్బ తగలని చేతి మోచేయి ముంచి చూసి, ఓర్చుకోగలిగితేనే 20 నిమిషాలు పెట్టండి.

మునగచెట్టు గొంగళి

పెరట్లో మునగ ఉంటే కాండం నిండా గుంపులుగా పట్టే గొంగళి పురుగులు తెలిసే ఉంటాయి. వాటి నూగు అంటుకుంటే అందరూ మొదట రుద్దుతారు, దాంతో అది ఇంకా లోపలికి దిగుతుంది. రుద్దకుండా సెల్లోటేపు అతికించి ఒక్కసారిగా లాగండి. ప్రతిసారీ కొత్త ముక్క వాడుతూ ఐదారుసార్లు చేయండి. తర్వాత ధారగా నీళ్లు పోసి కడిగి, తుడవకుండా ఆరనిచ్చి కాలమైన్ రాయండి. చెట్టు కింద ఆరేసిన తువ్వాళ్లలోనూ ఆ నూగు ఉంటుంది, పురుగు కనబడకపోయినా దద్దుర్లు వస్తే అక్కడ చూడండి. కంట్లో పడితే నలపకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

వానల్లో రాత్రి ట్యూబ్‌లైటు చుట్టూ నలుపు, నారింజ పట్టీల సన్నటి పురుగులు తిరుగుతాయి. అవి కుట్టవు, కరవవు. ఒంటి మీద నలిపితే వాటి రసం ఒకటి రెండు రోజుల్లో కాలినట్టు బొబ్బ లేపుతుంది. ఊది పంపేయండి, నలిగితే వెంటనే సబ్బుతో కడగండి.

ఇంట్లో ఆగకూడనివి

ఒళ్లంతా దద్దుర్లు, పెదవులూ నాలుకా వాయడం, ఊపిరి ఆడకపోవడం, కళ్లు తిరగడం, ఆగని వాంతులు. వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. అప్పుడు ప్రాణం నిలిపేది అడ్రినలిన్ సూది, సెట్రిజిన్ దానికి బదులు కాదు. చెరకురసం గ్లాసులోని ఈగ నోట్లో, గొంతులో కుడితే వాపు కోసం ఎదురుచూడకండి, ఐసు ముక్క చప్పరిస్తూ బయలుదేరండి. పదికి పైగా కుడితే మనిషి బాగానే ఉన్నా ఆసుపత్రికి వెళ్లాలి, విషం ఎక్కువైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. పిల్లలకైతే అంతకంటే తక్కువ కుట్లకే తీసుకెళ్లండి. తేలు కుడితే, ముఖ్యంగా పిల్లలకు, కట్టు బిగించడం, కోయడం చేయకుండా నేరుగా ఆసుపత్రికే. అక్కడ కన్నడంలో చెప్పాల్సి వస్తే తేలును చేళు అంటారు, తేనెటీగను జేను. ఎన్ని గంటలకు కుట్టిందో, అప్పటికి ఏ మాత్ర వేశారో ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్లండి.