చెవి సరిగా వినపడని పెద్దవాళ్లకు వాయిస్ అసిస్టెంట్ పనికొచ్చేలా ఎలా సెట్ చేయాలి?

మా నాయనకు 74 ఏళ్లు. అనంతపురం నుంచి బెంగళూరు మారతహళ్లిలో మా ఫ్లాట్‌కి వచ్చాక పగలంతా ఒక్కరే ఉంటారని, తోడుగా ఉంటుందని, నోటితో అడిగితే మాటల్లో జవాబు చెప్పే స్మార్ట్ స్పీకర్ ఒకటి తెచ్చాం. రెండు రోజులు మాట్లాడి వదిలేశారు. "ఏందో గొణుగుతాంది పాపా, మాట తెలీడం లేదు" అన్నారు. సౌండు పూర్తిగా పెంచినా అదే మాట.

తప్పు మాదే. వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందు పోయేవి సన్నని శబ్దాలు. అచ్చులు బాగానే వినిపిస్తాయి గానీ స, ఫ, త, క లాంటి హల్లులు జారిపోతాయి, అందుకే సౌండు పెంచితే గోల పెరుగుతుందే తప్ప మాట తేటపడదు.

కాబట్టి మొదటి పని చెవి పరీక్ష. ఒక్కోసారి గులిమి అడ్డుపడటమే కారణం కావచ్చు, అది డాక్టరు తీసేస్తే సరిపోతుంది. బెంగళూరులో లింగరాజపురం వైపు డాక్టర్ ఎస్.ఆర్. చంద్రశేఖర్ వాక్ శ్రవణ సంస్థ ఉంది, మైసూరు దాకా వెళ్లగలిగితే అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది. హియరింగ్ ఎయిడ్ రాస్తే మాత్రం వాయిదా వేయకండి, దాని బదులు ఏ స్పీకరూ పనిచేయదు.

తర్వాత స్పీకర్ చోటు మార్చండి. మన ఫ్లాట్లలో టైల్స్ నేల, బోసి గోడలు, పైన ఫ్యాను, పక్కనే కుక్కర్ విజిల్. హాల్లో టీవీ పక్కన పెడితే మాట ప్రతిధ్వనిలో కలిసిపోతుంది. ఆయన కూర్చునే కుర్చీ పక్కన, చెవి ఎత్తులో, చేయి చాచితే అందేంత దూరంలో పెట్టండి. దూరం సగానికి తగ్గిస్తే శబ్దం కొలతలో సుమారు 6 డెసిబెల్స్ కలిసొస్తాయి, అదీ పైసా ఖర్చు లేకుండా. కింద చిన్న దుప్పటి పరిచినా, కిటికీకి మందపాటి కర్టెన్ వేసినా తేడా తెలుస్తుంది.

ఇక గొంతు. అమెజాన్ స్పీకర్లలో మాట్లాడే అలెక్సాకి "స్పీక్ స్లోవర్" అని ఇంగ్లిష్‌లో చెబితే నెమ్మదిగా మాట్లాడుతుంది. మగ గొంతు ఎంచుకునే వీలుంటే అదీ పెట్టి చూడండి, కొందరికి లోతైన గొంతు తేలిగ్గా అందుతుంది. రెండు గొంతులూ వినిపించి ఆయన్నే ఎంచుకోనివ్వండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది భాష. సగం వినపడిన మాటను మనం మిగతా సగం ఊహించుకుని పూర్తి చేసుకుంటాం, అలవాటైన భాషలోనే అది సాధ్యం. అలెక్సా మన దగ్గర మాట్లాడేది ఇంగ్లిష్, హిందీ. ఇంగ్లిష్ బాగా చదవగలిగినవాళ్లకైతే స్క్రీన్ ఉన్న మోడల్ తీసుకుని, సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి, జవాబును అక్షరాల్లో చూపే క్యాప్షన్లు ఆన్ చేస్తే చాలు. తెలుగే కావాలంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో గూగుల్ వాయిస్ అసిస్టెంట్‌ని తెలుగులో పెట్టి, ఫోన్‌ని స్టాండ్ మీద నిలబెట్టి, అక్షరాల సైజు బాగా పెంచండి. జవాబు వినపడకపోయినా చదువుకుంటారు. మా ఇంట్లో కుదిరింది ఇదే. అదే ఫోన్‌లో లైవ్ ట్రాన్స్‌క్రైబ్ అనే ఉచిత యాప్ పెడితే మనం మాట్లాడే మాటలు కూడా తెలుగు అక్షరాలై కనిపిస్తాయి, పనమ్మాయి వచ్చినప్పుడు నాయనకు అది ఎంత పనికొచ్చిందో!

నేర్పించేటప్పుడు తొందర వద్దు. మన మాట అది విందో లేదో తెలియక పెద్దవాళ్లు టెన్షన్ పడతారు. అలెక్సా స్పీకర్ అయితే నీలం లైటు వెలిగాకే మాట్లాడమనండి, వినడం మొదలుపెట్టినప్పుడు చిన్న శబ్దం వచ్చేలా కూడా సెట్టింగ్ ఉంటుంది. వారానికి రెండు మాటలు నేర్పితే చాలు, వాటిని పెద్ద అక్షరాల్లో రాసి పక్కన అంటించండి.

మందుల వేళ గుర్తు చేయడం మాత్రం దీని ఒక్కదానికే వదిలేయకండి, జేబులో ఉండే ఫోన్‌లో వైబ్రేషన్‌తో అలారం కూడా పెట్టండి.